మూడు అంగుళాలు లేపాలా, నలభై మిల్లీమీటర్లు చాలా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా కళ్యాణసింగుపురం దగ్గర పల్లె. ఇసుజు డి-మ్యాక్స్ వీ-క్రాస్, ఫోర్ బై ఫోర్, 1.9 డీజిల్. కంపెనీ టైర్లే, 255/60 ఆర్ 18. వారంలో రెండు మూడు రోజులు కొండ మీది మా తోట నుంచి అల్లం, పసుపు దించుతాను. 50 కిలోల బస్తాలు ఆరు, మనుషులం ఇద్దరం. మిగతా రోజులు బండి ఖాళీయే. నెలకు రెండుసార్లు సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి వెళ్లొస్తాను. బస్తాలు ఎక్కాక గెడ్డ దాటేటప్పుడూ, రాళ్ల బాటలోనూ కింద తగులుతోంది. విశాఖలో ఒక షాపువాళ్లు బండిని 3 అంగుళాలు లేపే స్పేసర్ (స్ట్రట్ మీద పెట్టే బిళ్ల) కిట్, వెనక పొడుగు షాకిళ్లు (కమాన్ చివరను ఛాసీకి కలిపే లంకెలు), 265/65 టైర్లు వేయిస్తే సరిపోతుందన్నారు. మరో షాపువాళ్లు 40 మి.మీ. కిట్ చాలంటున్నారు గానీ స్ప్రింగులు, షాకబ్జర్లు, కమాన్ కట్టలు అన్నీ కొత్తవి వేయాలని మూడు రెట్ల ధర చెప్పారు. ఎక్కువ ఎత్తు తక్కువ ధరకు వస్తుంటే రెండోది ఎందుకు తీసుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అసలు సంగతి "బస్తాలు ఎక్కాక" అన్న మాటలోనే ఉంది. ఖాళీగా వెళ్లేటప్పుడు అదే బాటలో అదే రాయి తగలడం లేదంటే మీ బండికి ఎత్తు చాలకపోవడం కాదు, బరువుకు వెనక భాగం కుంగిపోతోంది. ఎత్తు చాలకపోవడం ఒక జబ్బు, కుంగిపోవడం ఇంకొకటి. మొదటి షాపు చెప్పిన కిట్ మొదటి జబ్బుకు మందు, అదీ అరకొర మందు. రెండో జబ్బును అది ముట్టుకోదు. లిఫ్ట్ కిట్‌ను ఎత్తు చూసి కాదు, బండి మోసే బరువు చూసి ఎంచుకోవాలి. బరువుకు తగ్గ స్ప్రింగు వేస్తే కావలసిన ఎత్తు దానంతట అదే వస్తుంది.

డబ్బు తీసే ముందు రెండు పూటలు కొలతలకు కేటాయించండి. పెట్రోలు బంకులాంటి చదును సిమెంటు నేల మీద బండి నిలపండి. డీజిల్ ట్యాంకు నిండుగా, టైర్లలో గాలి డోరు పక్క స్టిక్కరు మీద ఉన్నంత ఉండాలి. చక్రం నడి మధ్య నుంచి నిటారుగా పైకి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు చక్రాల అంకెలూ రాసుకోండి. నేల నుంచి కొలవకండి. గాలి తగ్గినా, టైరు అరిగినా ఆ అంకె మారిపోతుంది. చక్రం మధ్య నుంచి కొలిస్తే స్ప్రింగు ఎంత దిగిందో అంతే తెలుస్తుంది. తర్వాత ఆరు బస్తాలూ ఎక్కించి, ఇద్దరూ కూర్చుని మళ్లీ కొలవండి. ఖాళీగా వెనక 520 మి.మీ. ఉన్నది బరువుతో 450 అయిందనుకోండి, 70 మి.మీ. కుంగినట్టు. ఆ 70లో సగమైనా వెనక్కి తెచ్చుకుంటే మీ బాధ చాలావరకు తీరుతుంది.

అదే బరువుతో బండిని లారీ కాటాకు తీసుకెళ్లండి. జేకే పురం కాగితం మిల్లుకు కర్ర తోలే లారీల వల్ల మీ వైపు కాటాలకు కొదవ లేదు. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒక తూకం, తర్వాత మొత్తం బండి ఎక్కించి ఒక తూకం, ఆఖరున వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒక తూకం తీయించండి. ఇంటికొచ్చాక ఆర్సీ తీసి ఖాళీ బరువు, గరిష్ఠ మొత్తం బరువు అనే రెండు అంకెలూ చూడండి. ఆ రెండింటి తేడాలోనే మనుషులు, డీజిల్, బస్తాలు, పనిముట్ల పెట్టె అన్నీ ఇమడాలి. ఎంత ఖరీదైన కిట్ వేసినా ఆ తేడా ఒక్క కిలో పెరగదు. గట్టి కమాన్లు వేశాక బండి కుంగడం లేదు కదా అని రెండు బస్తాలు ఎక్కువ వేసేవాళ్లు ఉంటారు. కమాన్లు తట్టుకుంటాయి. బ్రేకులు, హబ్ బేరింగులు, ఛాసీ మాత్రం పాతవే కదా, అవి తట్టుకోవు. కాటాలో మొత్తం బరువు ఆర్సీ అంకె దాటితే ముందు ఒక బస్తా దించండి, కిట్ మాట తర్వాత.

ఇక ఎక్కడ తగులుతోందో చూడాలి. కాస్త సున్నం చిక్కగా కలిపి బండి కింద పూయండి. ఇంజిను కింద రేకు, పక్క ఫుట్‌స్టెప్పులు, మధ్యలో గేర్‌బాక్సు కింది అడ్డపట్టీ, వెనక డిఫరెన్షియల్ గుండు, కమాన్ల కింద యూ బోల్టుల పలక, వెనక బంపరు అడుగు, అన్నిటికీ. ఆరాక బస్తాలతో ఒకసారి ఆ బాటలో దిగి రండి. గెడ్డ నీళ్లు లేని రోజైతే సున్నం ఎక్కడ గీసుకుపోయిందో స్పష్టంగా కనిపిస్తుంది. వెనక బంపరు దగ్గరే గీతలుంటే అది కుంగడం వల్ల వచ్చినదే, కమాన్లతో పోతుంది. ఫుట్‌స్టెప్పులు తగులుతుంటే వాటిని విప్పేస్తే సరి, ఖర్చే లేదు. బండి పొడుగు కాబట్టి గట్టు దాటేటప్పుడు మధ్య భాగం ఆనుతుంటే దానికి మాత్రం లిఫ్ట్ నిజంగా సాయం చేస్తుంది. ముందు బంపరు అడుగు తగిలినా అంతే.

డిఫరెన్షియల్ గుండు తగులుతుంటే ఏ లిఫ్ట్ కిట్టూ పనికిరాదు. ఇది చాలామందికి తెలియక డబ్బు పోగొట్టుకుంటారు. వెనక ఆక్సిల్ చక్రాలకు నేరుగా బిగించి ఉంటుంది. లిఫ్ట్ ఆక్సిల్ పైన ఉన్న ఛాసీని లేపుతుంది తప్ప ఆక్సిల్‌ను కాదు. ఆక్సిల్ లేవాలంటే టైరు ఎత్తు పెరగాలి, పెరిగిన దాంట్లో సగమే దక్కుతుంది. మీ 255/60 ఆర్ 18 టైరు ఎత్తు లెక్కకు 763 మి.మీ. షాపువాళ్లు చెప్పిన 265/65 ఆర్ 18 ఎత్తు 802 మి.మీ. తేడా 39, గుండు కింద మీకు దక్కేది 19 మి.మీ. చిటికెన వేలి మందం కంటే కాస్త ఎక్కువ.

ఆ 19 మి.మీ.కు మీరిచ్చే మూల్యం ఇదీ. టైరు చుట్టుకొలత 5 శాతం పెరుగుతుంది. మీటరు 80 చూపిస్తుంటే బండి 84లో వెళ్తుంటుంది. ప్రతి గేరూ 5 శాతం బరువెక్కినట్టవుతుంది, సుంకి ఘాట్‌లో బస్తాలతో ఎక్కేటప్పుడు ఒక గేరు ముందే దించాల్సి వస్తుంది. టైరు బరువు పెరిగిన కొద్దీ బ్రేకు మీద భారం పెరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కు, మడ్‌ఫ్లాప్‌కు రాసుకోవచ్చు. అందుకే మొదటి విడతలో టైరు సైజు మార్చకండి. ఇప్పుడున్నవి అరిగాక అదే 255/60 ఆర్ 18 సైజులో ఏటీ (ఆల్ టెర్రైన్, అన్నిరకాల నేలలకూ పనికొచ్చే) టైర్లు వేయించండి. మీ ఎర్రమట్టి జారుడుకు, రాళ్లకు పక్కగోడ గట్టిగా ఉన్న ఏటీ టైరు చేసే మేలు 19 మి.మీ. ఎత్తు చేయదు.

ఇప్పుడు ఆ 3 అంగుళాల స్పేసర్ సంగతి. మీ బండి ముందు సస్పెన్షన్‌లో పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో కాయిల్ స్ప్రింగు తొడిగిన స్ట్రట్ (షాకబ్జర్ గొట్టం) ఉంటాయి. స్ట్రట్ కింది చివర చక్రం దగ్గర కాకుండా కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. అందుకే స్ట్రట్ తల మీద 25 మి.మీ. ఇనుప బిళ్ల పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు, 45–50 మి.మీ. లేస్తుంది. 3 అంగుళాలు, అంటే 75 మి.మీ. లేపడానికి సుమారు 38 మి.మీ. బిళ్ల చాలు. చవక అందుకే. దాంతోపాటు వచ్చే చిక్కులు ధరల పట్టీలో ఉండవు.

స్ట్రట్ మొత్తం కిందికి జరిగింది కాబట్టి చక్రం గాలిలోకి వేలాడినప్పుడు కంపెనీ అనుకున్న హద్దు దాటి ఇంకా కిందికి వెళ్తుంది. అక్కడ పై ఆర్మ్ వచ్చి కాయిల్ స్ప్రింగుకు తగులుతుంది, లేదా పై బాల్‌జాయింట్ తన చివరి కోణానికి చేరి ఒరుసుకుంటుంది. రాళ్ల బాటలో ఒక చక్రం గుంటలోకి జారిన ప్రతిసారీ టంగుమనే చప్పుడు వినిపిస్తే అదే. గోతిలో పడి సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు దీనికి తలకిందుల కష్టం: ఛాసీకి ఉన్న రబ్బరు బంప్‌స్టాప్ కంటే ముందే షాకబ్జర్ లోపల పిస్టన్ అడుగుకు కొట్టుకుంటుంది. సీలు పగిలి నూనె కారడం అలా మొదలవుతుంది.

అన్నిటికన్నా ఖరీదైన నష్టం ముందు డ్రైవ్ షాఫ్టులకు. ముందు డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే ఆ షాఫ్టులు కంపెనీ ఎత్తులో దాదాపు అడ్డంగా ఉంటాయి. 75 మి.మీ. లేపితే కిందికి బాగా వాలి తిరుగుతాయి. ఆ కోణంలో రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికి చిమ్ముతుంది, గెడ్డ నీళ్లూ ఎర్రమట్టీ లోపలికి పోతాయి. చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చుక్కలు కనిపిస్తే బూటు పోయినట్టే. మలుపులో టకటకమంటే జాయింటు కూడా పోయినట్టు. దీనికి విరుగుడుగా ముందు డిఫరెన్షియల్‌నే కాస్త కిందికి దించే బిళ్లలు అమ్ముతారు. కోణం తగ్గుతుంది నిజమే, కానీ రాళ్లకు తగిలే భాగాన్ని మనమే రాళ్ల వైపు దించుకున్నట్టవుతుంది.

75 మి.మీ. దగ్గర ఎలైన్‌మెంటు కూడా చేతికి రాదు. సర్దుబాటు బోల్టులు క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సరిచేయడానికే అయిపోతాయి, క్యాస్టర్‌కు (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణానికి) మిగలదు. క్యాస్టర్ తగ్గితే స్టీరింగు తేలికై, మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాదు, బండి రోడ్డు మీద అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఘాట్ దిగేటప్పుడు అది చాలా ప్రమాదం. కోణాలు మార్చి చేసిన కొత్త పై ఆర్ములు వేస్తే ఇది కుదురుతుంది. వాటి ధరా, మంచి షాకబ్జర్ల ధరా కలిపితే మొదటి షాపు బిల్లు రెండో షాపు బిల్లుకు చేరుతుంది. మామూలు ఆర్ములతో 50 మి.మీ. దాటకూడదన్నది మా గట్టి అభిప్రాయం. మీకు 40 చాలు.

వెనక పొడుగు షాకిళ్లు కూడా వద్దు. షాకిల్ 50 మి.మీ. పొడుగైతే కమాన్ ఒక చివరే లేస్తుంది కాబట్టి బండి సుమారు 25 మి.మీ. లేస్తుంది. ఆక్సిల్ కాస్త తిరిగి ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు కోణం మారుతుంది, మలుపుల్లో వెనక భాగం పక్కకు ఊగుతుంది. ముఖ్యంగా కమాన్ బలం ఏమాత్రం పెరగదు. ఆరు బస్తాలు ఎక్కగానే అదే 70 మి.మీ. మళ్లీ కుంగుతుంది. ఆక్సిల్‌కూ కమాన్‌కూ మధ్య దిమ్మ పెట్టి లేపడం కూడా ఇలాంటిదే. బరువుతో బ్రేకు వేసినప్పుడు, ఒక్కసారిగా లాగినప్పుడు దిమ్మ ఎత్తు మీద ఆక్సిల్ మెలితిరగబోతుంది. దిమ్మ మీద దిమ్మ పెట్టిన బండిని చూస్తే దాని వెనక వెళ్లకండి.

అదనంగా ఒక కమాన్ పట్టీ చేర్చే పద్ధతి చవక, ఎప్పుడూ ఒకే బరువు మోసే బండికి పనికొస్తుంది. ఖాళీగా తిరిగే రోజులున్న మీ బండిలో వెనక భాగం గుర్రంలా ఎగురుతుంది. గాలి సంచులూ మీకు వద్దు. కమాన్ రెండు చివర్ల దగ్గర పంచుకోవలసిన బరువును సంచి ఛాసీ మీద ఒకే చోట పెడుతుంది. డబుల్ క్యాబ్ పికప్పులో తొట్టి వెనక చివర బరువు ఎక్కువైతే క్యాబ్ వెనక ఛాసీ వంగడానికి ఇదొక కారణం. బస్తాలు కూడా క్యాబ్ గోడకు ఆనించి పేర్చండి, తొట్టి వెనక తలుపు వైపు కాదు.

కాబట్టి రెండో షాపు దారే మీ దారి. అయితే "40 మి.మీ. పూర్తి కిట్" అన్నది ఒక్కటే వస్తువు కాదు. అందులో ఏ స్ప్రింగు, ఏ కమాన్ కట్ట అన్నది మీరే తేల్చాలి.

ముందు కాయిళ్లు బంపరు దగ్గర ఉన్న బరువును బట్టి రెండు మూడు రకాలుంటాయి. కంపెనీ బంపరుకు ఒకటి, ఉక్కు బంపరుకు ఒకటి, ఉక్కు బంపరూ వించీ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కలిపి వంద కిలోల దాకా ఉంటే ఇంకొకటి. మీకు కంపెనీ బంపరే ఉంటే తేలిక రకమే అడగండి. "రేపు బంపరు వేయిస్తారేమో, గట్టిదే తీసుకోండి" అంటే ఒప్పుకోకండి. గట్టి స్ప్రింగుతో ముందు 40 బదులు 60 లేస్తుంది, ఇందాక చెప్పిన కోణాల చిక్కులన్నీ తిరిగొస్తాయి. పైగా రోడ్డు మీద తిరిగే బండ్లకు క్రాష్‌గార్డులు, బుల్‌బార్లు బిగించడాన్ని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఆపించింది.

వెనక కమాన్ కట్టలను ఎప్పుడూ ఉండే బరువును బట్టి అమ్ముతారు. తయారీదారును బట్టి అంకెలు మారినా ఖాళీగా తిరిగేవాళ్లకు మెత్తనిది, సుమారు 300 కిలోల దాకా మధ్యరకం, ఆపైన గట్టిది అని మూడు మెట్లు ఉంటాయి. మీ బరువు 300 కిలోలే అయినా అది ఎప్పుడూ ఉండదు, వారంలో నాలుగైదు రోజులు తొట్టి ఖాళీ. కాబట్టి మధ్యరకం తీసుకోండి, అందులోనూ రెండంచెలది. పై పట్టీలు పలచగా ఉండి ఖాళీ బండిని మోస్తాయి. అడుగున మందపాటి పట్టీలు విడిగా ఉండి బరువు పడ్డాక మాత్రమే ఆనుకుని పనిలోకి వస్తాయి. అలాంటి కట్టతో ఖాళీగా వెనక 45–50 మి.మీ. లేచి, బస్తాలతో బండి చదునుగా నిలుస్తుంది. గట్టిది వేయించారంటే ఖాళీ రోజుల్లో గులకరాళ్ల రోడ్డు మీద వెనక చక్రాలు నేలను వదిలి ఎగురుతాయి, తడి మలుపులో పట్టు పోతుంది. ముందు లేపి వెనక వదిలేయడం అంతకన్నా తప్పు. బస్తాలు ఎక్కగానే ముక్కు ఆకాశం చూస్తుంది, స్టీరింగు చక్రాల మీద బరువు తగ్గుతుంది.

షాకబ్జర్లు తప్పక ఆ లిఫ్ట్‌కు సరిపడే పొడుగువే ఉండాలి. పాతవి ఉంచితే కిందికి సాగే చోటు చాలక అవే చక్రాన్ని పట్టి ఆపుతాయి, వాటి కంటి బుష్‌లు తెగుతాయి. నెమ్మదిగా సాగే కొండబాటలకు రెండు గొట్టాల గ్యాస్ రకం నిశ్చింత. ఒకే గొట్టం రకం వేగంగా పోయే చోట వేడిని బాగా వదులుతుంది గానీ, రాయి తగిలి ఆ గొట్టం సొట్టపడితే లోపల పిస్టన్ పట్టేస్తుంది. రెండు గొట్టాలదానికి బయటి గొట్టం కాస్త సొట్టపడినా పని ఆగదు. బుష్‌లు రబ్బరువే అడగండి. పాలీయురెథేన్ బుష్‌లు గట్టివే, కానీ మట్టిలో కీచుమంటాయి, గ్రీజు పెడుతూ ఉండాలి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు చాలామంది ఒకచోట దెబ్బతింటారు. ఓల్డ్ మాన్ ఎము, ఐరన్‌మ్యాన్, డాబిన్సన్స్ వంటి ఆస్ట్రేలియా కంపెనీలు డి-మ్యాక్స్‌కు కిట్లు చేస్తాయి. విదేశాల్లో 2019 చివరి నుంచి అమ్ముతున్న కొత్త తరం డి-మ్యాక్స్ వేరు, మన దేశంలో శ్రీసిటీలో తయారయ్యే మీ వీ-క్రాస్ అంతకుముందు తరం. "2021 బండి" అని మాత్రమే చెబితే కొత్త తరం కిట్ రావచ్చు, అది మీ బండికి అమరదు. 2012–2019 తరానికి అని రాయించుకుని, పెట్టె మీది పార్టు నంబరు సరిచూశాకే పాత కమాన్లు విప్పనివ్వండి.

చట్టం సంగతి దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కిట్ కొనకముందే రాయగడ ఆర్టీవోకు మార్పు వివరాలతో అర్జీ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. బీమా కంపెనీకి కూడా రాతలో తెలిపి పాలసీలో నమోదు చేయించండి. ప్రమాదం జరిగాక తెలియని మార్పు బయటపడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. అనుమతి రాకపోతే ఎత్తు పెంచకండి. కుంగిపోయిన కమాన్లను కంపెనీ ఎత్తుకే కొత్తవాటితో మార్పించి, ఇంజిను కింద గట్టి రేకు, ఏటీ టైర్లు వేయించండి. కుంగడమే మీ జబ్బయితే, ఒక్క మి.మీ. లిఫ్ట్ లేకుండానే సగానికి పైగా నయమవుతుంది.

అనుమతి వస్తే బిగించే రోజు మీరూ పక్కన ఉండండి. ముందు రోజే తుప్పు బోల్టులకు నూనె కొట్టించండి. ముందు వైపు హబ్ బరువంతా బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకూడదు, తీగతో ఆర్మ్‌కు కట్టాలి. డ్రైవ్ షాఫ్టును బయటికి లాగితే లోపలి జాయింటు ఊడివస్తుంది. కాయిల్ మార్చడానికి గోడకు బిగించిన ప్రెస్ ఉందో లేదో అడగండి. మరలున్న రాడ్లతో నేల మీద కాయిల్‌ను నొక్కి తీసే షాపు అయితే స్ట్రట్లు ముందే కూర్చిన రూపంలో తెప్పించుకోండి. నొక్కిన కాయిల్ జారితే ప్రాణం తీస్తుంది.

వెనక వైపు యూ బోల్టులు కొత్తవే వేయాలి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అంత పట్టు ఇవ్వదు. కమాన్ సెంటర్ బోల్టు తల ఆక్సిల్ పలక గుంటలో పూర్తిగా కూర్చుందని కంటితో చూశాకే నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, మాన్యువల్‌లో ఉన్న టార్కుకు బిగించాలి. మెకానిక్కులు తరచూ చేసే తప్పు బుష్‌ల దగ్గర. బండి జాకీల మీద ఉండగానే కమాన్ కంటి బోల్టులు, ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. రబ్బరు ఆ వేలాడే కోణంలో అతుక్కుపోయి, బండి నేల మీదికి రాగానే మెలిపడి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. చేతితో మాత్రం బిగించి, చక్రాలు తొడిగి, నేల మీద దించి, రెండుసార్లు బండిని ఊపి, అప్పుడు చివరి బిగింపు చేయాలి.

దించే ముందు చక్రాలు పూర్తిగా వేలాడుతుండగా స్టీరింగు ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పించి బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు బిగుసుకోకుండా ఉన్నాయో చూడండి. వెనక డిఫరెన్షియల్ గాలి గొట్టం, హ్యాండ్‌బ్రేకు కేబులు కూడా అంతే. ఛాసీ నుంచి వెనక ఆక్సిల్‌కు చిన్న కడ్డీ ఉండి బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉంటే, దాని బ్రాకెట్టును లిఫ్ట్ ఎత్తుకు సరిపడా సర్దాలి. లేకపోతే బండి లేచినందుకు ఆ వాల్వు తొట్టి ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది, బస్తాలతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పనంతా ముందు చక్రాల మీద పడుతుంది. కదిలేటప్పుడు 30–50 వేగం మధ్య సీటు కింద వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు మధ్య బేరింగును పలచటి బిళ్లలతో కాస్త దించాలి.

ఎలైన్‌మెంటు 50 కిలోమీటర్లు తిరిగాక, మళ్లీ 500 కిలోమీటర్లకు చేయించండి. ముందు, తర్వాత అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. రెండు పక్కల క్యాస్టర్ తేడా అర డిగ్రీ లోపు ఉండాలి. "టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగే కోణం) సరిచేశాం, చాలు" అంటే అది ఎలైన్‌మెంటు కాదు. హెడ్‌లైట్లు దించడం ఎవరూ గుర్తుచేయరు. రాత్రి చదును నేల మీద, బస్తాలతో, గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి డిమ్ వేయండి. వెలుగు పై అంచు దీపం మధ్య ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి.

40 మి.మీ. లేచినా బరువు కేంద్రం పైకి వెళ్లినట్టే. సుంకి మలుపుల్లో మొదటి నెల మీకు అలవాటైన వేగం కంటే తగ్గించి నడపండి. రాళ్ల బాట ఎక్కే ముందు ఖాళీ బండి టైర్లలో గాలి 24 పీఎస్‌ఐ దాకా దించితే పట్టు పెరుగుతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మాత్రం స్టిక్కరు అంకెకు మళ్లీ నింపాలి, బస్తాలుంటే అసలు దించకూడదు. అందుకు చిన్న కంప్రెసరు బండిలో ఉంచుకోండి.

యూ బోల్టులు 100, 500, 1,000 కిలోమీటర్ల దగ్గర మళ్లీ టార్కు పెట్టించండి. కొత్త కమాన్లు మొదట్లో 5–10 మి.మీ. కుదురుకుంటాయి, అది మామూలే. 1,000 దగ్గర మొదటి రోజు కొలిచినట్టే నాలుగు చక్రాలూ కొలిచి పాత కాగితంతో పోల్చండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా ఉన్న దూరం కూడా రెండు పక్కలా కొలవండి. ఎడమకూ కుడికీ 5 మి.మీ. మించి తేడా వస్తే సెంటర్ బోల్టు తల గుంటలోంచి జారి ఉండవచ్చు. ఆ బండిని ఘాట్ ఎక్కించకుండా నేరుగా షాపుకు తీసుకెళ్లండి.